డబ్బా తెరవకముందే మీ శ్రీమతి చేత నాలుగు పేజీలు రాయించండి

నమస్తే అండి. తర్వాత చదివేవాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా చెప్పి జవాబు మొదలుపెడతాను. మీ అత్తగారు 1927లో బ్రెస్లావులో పుట్టారు. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, పేరు వ్రొత్స్వాఫ్. 1948లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక అమెరికన్ సైనికుణ్ణి పెళ్లి చేసుకుని, ఆ ఏడే బ్రెమర్‌హాఫెన్‌లో ఓడెక్కి ఇక్కడికి, అమెరికాకి వచ్చారు. వార్ బ్రైడ్స్ అనేది ఇలా వచ్చినవాళ్లనే. మొన్న వేసవిలో ఆవిడ పోయారు. బీరువా అడుగున బిస్కెట్ల రేకు డబ్బాలో, ఆవిడకి వాళ్లమ్మ రాసిన నలభై ఉత్తరాలు దొరికాయి. జర్మన్ బాగా వచ్చిన మీ పక్కింటాయన కూడా ఒక్క లైను చదవలేకపోయాడు. వచ్చే నెల సంస్మరణ సభ. ఏం మాట్లాడాలో మీ శ్రీమతికి తోచడం లేదు. దానికి తోడు కాలేజీలో చదివే మీ మనవరాలు "తాతమ్మ హిట్లర్ మనిషా?" అని అడిగింది, ఇంట్లో అందరూ గమ్మున ఉండిపోయారు.

నా సంగతి. 1971లో తెనాలి నుంచి లైబ్రరీ సైన్స్ చదవడానికి ఒహాయో వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ముప్ఫై ఏళ్లకు పైగా ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పాత కాగితాల విభాగంలో పనిచేశాను. ఇలాంటి డబ్బాలు చంకలో పెట్టుకుని వచ్చిన కుటుంబాలను చాలామందిని చూశాను. అన్నిటికంటే ముఖ్యం, మా అత్తగారు కూడా మీ అత్తగారి లాంటి మనిషే. ఆవిడది హైల్‌బ్రోన్, నెకార్ నది ఒడ్డున ద్రాక్షతోటల మధ్య ఊరు. జర్మన్ పిల్లలు అమ్మని ముట్టి అంటారు. మా ఆవిడ అలా పిలిస్తే విని మా అమ్మ "అదేం పిలుపురా" అని ముక్కున వేలేసుకుంది. తర్వాత తనూ అలాగే పిలిచింది.

ఉత్తరాలు చదివించకముందే ఒక పని చేయండి. మీ శ్రీమతిని కూర్చోబెట్టి, వాళ్లమ్మ గురించి నాలుగు పేజీలు రాయించండి. యుద్ధం గురించి, ఓడ గురించి వద్దు. ఇంట్లో చూసింది, విన్నది మాత్రమే. ఫోన్ ఎత్తగానే ఏమనేవారు? రొట్టె ఎండిపోతే పారేసేవారా, ఏమైనా చేసేవారా? టీవీలో యుద్ధం సినిమా వస్తే అక్కడే కూర్చునేవారా, లేచి వంటింట్లోకి వెళ్లేవారా? పిల్లలతో జర్మన్ ఎప్పుడు వచ్చేది, కోపంలోనా, జోకొట్టేటప్పుడా? మా అత్తగారు నలభై ఏళ్లు ఇంగ్లీషులో బతికారు గానీ, స్వెటర్ అల్లేటప్పుడు కుట్లు మాత్రం జర్మన్‌లోనే లెక్కపెట్టేవారు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే చెయ్యి పైకెత్తి ఆపమనేవారు.

ఇది ముందే ఎందుకంటే, ఓడ పేరు తెలిసిన మర్నాటి నుంచి పిల్లలు అమ్మను వదిలేసి ఓడ గురించి మాట్లాడతారు. నేను చూసిన ప్రతి ఇంట్లోనూ ఇదే వరస. మాదీ అంతే.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. హైల్‌బ్రోన్ వైపు ష్పెట్స్‌లె అని ఒక వంటకం చేస్తారు. గోధుమపిండి, గుడ్లు, ఉప్పు, కాసిని నీళ్లు కలిపి, బుడగలు వచ్చేదాకా గిలక్కొట్టి, ఆ ముద్దను మరిగే నీళ్లలోకి సన్నగా గీకుతారు, లేదంటే చిల్లులున్న గొట్టంలో పెట్టి నొక్కుతారు. తీగలు నీళ్లమీద తేలగానే తీసేయాలి. మా అమ్మ 1983లో మా దగ్గరికి వచ్చినప్పుడు మా అత్తగారి వంటింట్లో ఆ గొట్టం చూసి "ఇది మన జంతికల గొట్టమే కదరా" అంది. వీళ్లిద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు. తెనాలి వెళ్లాక అమ్మ ఇత్తడి జంతికల గొట్టం ఒకటి, ఇక్కడికి వస్తున్న మా బాబాయి చేత పంపింది. మా అత్తగారు తన గొట్టం పక్కన పడేసి, పోయేదాకా దాంతోనే ష్పెట్స్‌లె చేశారు. సభలో మా ఆవిడ ఆ గొట్టం తీసి చూపిస్తే అక్కడున్నవాళ్లు నవ్వి, ఏడ్చారు. నేను చెప్పే నాలుగు పేజీలంటే ఇలాంటివి.

అదే సభలో ఒక పొరపాటు కూడా జరిగింది. మా బావమరిది లేచి, "మా అమ్మ హిట్లర్ పాలన నుంచి తప్పించుకుని స్వేచ్ఛ కోసం పారిపోయి వచ్చిన వీరవనిత" అని మాట్లాడాడు. ప్రేమతోనే అన్నాడు, కాదనను. కానీ హైల్‌బ్రోన్ నుంచి వచ్చిన వాళ్ల పిన్ని కూతురు ముఖం పాలిపోయింది. ఆవిడ తర్వాత నాతో, "మా పెద్దమ్మ ఎక్కడికీ పారిపోలేదు. ఒక అబ్బాయిని ఇష్టపడింది, వెళ్లింది. వెళ్లేరోజు మా అమ్మమ్మ స్టేషన్‌కి కూడా రాలేదు" అంది. నిజం అదీ. 1945 మే నెలలో హిట్లర్ పాలన పోయింది. వీళ్లు బయల్దేరింది 1947, 48లో. పారిపోవడానికి అక్కడ ఆకలి ఉంది, శిథిలాలున్నాయి, హిట్లర్ లేడు.

ఆ పెళ్లిళ్లు ఎంత కష్టం మీద జరిగాయో తెలిస్తే మీ శ్రీమతికి వాళ్లమ్మ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది. అమెరికన్ సైన్యం జర్మనీలోకి అడుగుపెట్టినప్పుడు, జర్మన్లతో సైనికులు మాట్లాడకూడదనే ఆంక్ష ఉండేది. 1945 వేసవి నుంచి అది కొంచెం కొంచెంగా సడలింది. పెళ్లికి మాత్రం 1946 డిసెంబర్ దాకా అనుమతి లేదు. ఆ తర్వాత కూడా సైనికుడి పైఅధికారి ఒప్పుకోవాలి, అమ్మాయికి డాక్టరు పరీక్ష, గతం మీద విచారణ. ఇక చట్టం: వార్ బ్రైడ్స్ యాక్ట్ 1945 డిసెంబర్ 28న వచ్చింది, మూడేళ్లే ఉంది. సైనికుల భార్యలు, పిల్లలు దేశాల కోటాతో పని లేకుండా రావచ్చు అన్నది అదే. మీ అత్తగారు 1948లో వచ్చారంటే ఆ తలుపు మూసుకునే ముందు లోపలికి అడుగుపెట్టారన్నమాట. అక్కడ ఊళ్లో వాళ్లు సిగరెట్లకీ చాక్లెట్లకీ అమ్ముడుపోయిందన్నారు, ఇక్కడ అత్తింటివాళ్లు శత్రుదేశపు పిల్ల అన్నారు. రెండు వైపులా మాటలు పడిన ఆడవాళ్లు. పిల్లలకి జర్మన్ నేర్పకపోవడానికి చాలా ఇళ్లలో కారణం ఇదే. స్కూల్లో తన్నులు తినకూడదని.

ఇప్పుడు ఉత్తరాలు. మీ పక్కింటాయనను తప్పు పట్టకండి. మన కరణాల గొలుసుకట్టు రాత గుర్తుందా? తెలుగు పండితుణ్ణి తెచ్చి పాత దస్తావేజు ముందు కూర్చోబెట్టినా తెల్లముఖం వేస్తాడు. ఇదీ అంతే. పాత జర్మన్ చేతిరాతను కుర్రెంట్ అంటారు. దాన్ని కాస్త సులువు చేసి, లుడ్విగ్ జ్యూటర్లీన్ అనే ఆయన తయారుచేసిన అక్షరాలను 1915 నుంచి ప్రష్యా (జర్మనీలో అప్పటి పెద్ద రాష్ట్రం) బడుల్లో నేర్పారు. 1941లో ఆ రాతను ప్రభుత్వమే ఆపేసి, ఇప్పటి లాటిన్ అక్షరాలకు మారమంది. మీ అత్తగారు 1933 ప్రాంతంలో బడికి వెళ్లి ఉంటారు, బ్రెస్లావు అప్పుడు ప్రష్యాలోదే. కాబట్టి ఆవిడ నేర్చింది జ్యూటర్లీన్. కానీ డబ్బాలోవి ఆవిడకి వాళ్లమ్మ రాసినవి కాబట్టి ఇంకా పాత కుర్రెంట్ అయివుంటాయి.

మీరే కొంత చదవచ్చు. ఇందులో ఇ అక్షరం అచ్చం ఎన్ లాగా ఉంటుంది, అసలు చిక్కంతా అక్కడే. యు మీద చిన్న వంపు గీత ఉంటుంది, ఎన్‌తో కలిసిపోకుండా. ఎస్ రెండు రకాలు, ఒకటి పొడుగ్గా గీతలా కిందకి దిగుతుంది. ముందు కుడివైపు పైమూల చూడండి: ఊరు, తేదీ. తర్వాత "లీబె" (ప్రియమైన) అని పిలుపు, పక్కన మీ అత్తగారి పేరు. ఆ పేరు మీకు తెలుసు కదా, అందులోని అక్షరాలు ఒక కాగితం మీద కాపీ చేసుకుని, అవే ఆకారాలు కింద ఎక్కడెక్కడున్నాయో వెతకండి. అరగంటలో పది మాటలు దొరుకుతాయి. తీరిక లేకపోతే ట్రాన్స్‌క్రిబుస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, పాత చేతిరాతలు చదవడానికే చేశారు. ఫొటో ఇస్తే అచ్చు అక్షరాల్లోకి మారుస్తుంది. తప్పులు వస్తాయి, ముఖ్యంగా మనుషుల పేర్లలో. దాని మాటే ఖాయం అనుకోకండి. ఉత్తరాలను లామినేట్ మాత్రం చేయించొద్దు, టేపు అంటించొద్దు. రబ్బరుబ్యాండ్లు తీసేసి, ఏ కవరులోది ఆ కవరుతోనే ఉంచండి. పోస్టల్ ముద్ర మీద తేదీ చాలాసార్లు ఉత్తరం కంటే ఎక్కువ చెప్తుంది.

ఇక ఆఫీసు కాగితాలు. అన్నిటికంటే విలువైనది ఇక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్ల దగ్గరుండే ఎ-ఫైల్. 1944 ఏప్రిల్ తర్వాత వలస వచ్చినవాళ్లకి ఇది తెరిచేవారు. ఆవిడ వీసా దరఖాస్తు, అప్పటి ఫొటో, పుట్టిన సర్టిఫికెట్ అనువాదం వంటివి అందులో ఉండొచ్చు. మా అత్తగారి ఫైల్లో ఇరవై ఏళ్ల ఫొటో ఉంది, అంత బక్కగా ఆవిడను ఎవరమూ చూడలేదు. పుట్టి వందేళ్లు దాటినవాళ్ల ఫైళ్లు మెల్లగా కాన్సస్ సిటీలోని నేషనల్ ఆర్కైవ్స్‌కి చేరుతున్నాయి. మీ అత్తగారిది ఇంకా ఇమ్మిగ్రేషన్ దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. మరణ ధ్రువపత్రం జతచేసి అడగాలి. ఓడ ప్రయాణికుల జాబితాలు న్యూయార్క్ రేవువి ఫ్యామిలీ సెర్చ్‌లో ఉచితంగా చూడొచ్చు. పేరు దొరక్కపోతే భర్త ఇంటిపేరుతో, తప్పుడు స్పెల్లింగులతో కూడా వెతకండి.

మామగారి సైనిక రికార్డు మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. సెయింట్ లూయిస్ రికార్డు కేంద్రంలో 1973 జూలైలో అగ్నిప్రమాదం జరిగింది. 1912 నుంచి 1960 మధ్య సైన్యం నుంచి బయటికి వచ్చినవాళ్ల ఫైళ్లలో దాదాపు 80 శాతం కాలిపోయాయి. అయినా అడగండి, మార్నింగ్ రిపోర్టులు, అంటే యూనిట్లు రోజూ రాసిన లెక్కలు, ఆ మంటల్లో పోలేదు. ఆయన యూనిట్ ఏ తేదీన ఏ ఊళ్లో ఉందో వాటి ద్వారా పట్టుకోవచ్చు.

జర్మనీ వైపు, పెళ్లి రిజిస్టరు ఫ్రాంక్‌ఫర్ట్ ష్టాండెసామ్ట్‌లో ఉంటుంది, అంటే మన రిజిస్ట్రారు ఆఫీసు లాంటిది. అక్కడి చట్టం ప్రకారం పెళ్లి రిజిస్టర్లు 80 ఏళ్లు, పుట్టుక రిజిస్టర్లు 110 ఏళ్లు ఆ ఆఫీసులోనే ఉంటాయి, తర్వాత ఆర్కైవ్స్‌కి పోయి ఎవరైనా చూడొచ్చు. ఈలోగా సొంత కూతురిగా మీ శ్రీమతి అడిగితే ఇస్తారు. బ్రెస్లావు పుట్టుక రికార్డుకి దారి వేరు. తూర్పున జర్మనీ పోగొట్టుకున్న ఊళ్ల రిజిస్టర్లలో దక్కినవి కొన్ని బెర్లిన్‌లోని ఒకటో నంబరు ష్టాండెసామ్ట్‌లో, కొన్ని పోలండ్‌లోనే ఉన్నాయి. రెండుచోట్లా రాయండి, ఓపిక పట్టండి.

బ్రెస్లావు నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి చాలామందికి తట్టని చోటు ఇంకొకటి చెప్తాను. 1945 జనవరిలో, కరుడుగట్టిన చలిలో, ఆ నగరం నుంచి ఆడవాళ్లనీ పిల్లల్నీ వెళ్లిపొమ్మన్నారు, చాలామంది నడిచే వెళ్లారు. ఊరు మే 6 దాకా ముట్టడిలో ఉండి లొంగిపోయింది. తర్వాత మిగిలిన జర్మన్లను కూడా పంపించేశారు. ఇలా ఇల్లూ వాకిలీ పోయినవాళ్లకి పరిహారం ఇవ్వడానికి పశ్చిమ జర్మనీ 1952లో చట్టం చేసింది. ఆ దరఖాస్తుల ఫైళ్లు బైరాయిట్‌లో జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ శాఖలో ఉన్నాయి. మీ అత్తగారి అమ్మానాన్నలు పశ్చిమాన స్థిరపడితే దరఖాస్తు పెట్టుకునే ఉంటారు. పోగొట్టుకున్న ఇల్లు, దుకాణం గురించి వాళ్ల మాటల్లోనే అందులో ఉండొచ్చు. ఉత్తరాల్లో కూడా దాని ప్రస్తావన వస్తుందేమో చూడండి.

మనవరాలి ప్రశ్నకి వస్తాను. దీన్ని దాటవేయొద్దు, ఆ పిల్లను కసరొద్దు. న్యాయమైన ప్రశ్న. ఆ కాలంలో ఆడపిల్లలకి పదేళ్లకి ఒక సంఘం, పధ్నాలుగేళ్లకి ఇంకొకటి, రెండూ హిట్లర్ యువజన సంస్థలోవే. 1936లో చట్టం వచ్చింది, 1939 నుంచి చేరడం తప్పనిసరి. 1927లో పుట్టిన మామూలు జర్మన్ పిల్ల అందులో లేకుండా ఉండటం అరుదు. కాబట్టి "సంఘంలో ఉండే ఉంటుంది, యుద్ధం అయ్యేసరికి తాతమ్మకి నీ వయసు కూడా లేదు" అని చెప్పండి. 1919 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్లకి, జర్మనీలో అమెరికన్ల ఆధీనంలో ఉన్న భాగంలో, నాజీ గతం మీద విచారణ లేకుండా 1946లో సామూహిక క్షమాభిక్ష ఇచ్చింది కూడా ఇందుకే. పార్టీ సభ్యత్వం వేరే సంగతి. నాజీ పార్టీ సభ్యుల కార్డులు బెర్లిన్‌లోని ఫెడరల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, రాసి అడగొచ్చు. ఆవిడ పేరే కాదు, ఆవిడ తండ్రి పేరు కూడా. అడిగే ముందు ఇంట్లో అందరూ కూర్చుని, ఏ జవాబు వచ్చినా వినడానికి సిద్ధమేనా అని మాట్లాడుకోండి. మా ఇంట్లో మా ఆవిడ అడిగించింది. తాతగారి కార్డు ఉంది, 1937. వారం రోజులు ఆవిడ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఆ కాగితాన్ని అమ్మ ఫొటోల ఆల్బమ్‌లోనే, తాతగారి ఫొటో వెనక పెట్టింది. చింపలేదు, ఫ్రేమూ కట్టలేదు. అదే సరైన చోటు అని నాకూ అనిపించింది.

మౌనం గురించి ఇంకొక్కటి. మా అత్తగారు ఏటా డిసెంబర్ 4న పెరట్లోని చెర్రీ చెట్టు నుంచి నాలుగైదు కొమ్మలు కోసేవారు. వాటి మొదళ్లు సుత్తితో నలగ్గొట్టి, రాత్రంతా బాత్‌టబ్‌లో గోరువెచ్చటి నీళ్లలో పడుకోబెట్టి, మర్నాడు ఊరగాయ సీసాలో పెట్టి స్టవ్ పక్కన ఉంచేవారు. క్రిస్మస్‌కి తెల్లగా పూసేవి. ఆ రోజు సెయింట్ బార్బరా పండుగ. జర్మనీలో చాలా ఇళ్లలో ఉండే ఆచారమే. పిల్లలకి అంతవరకే తెలుసు. ఆవిడ పోయిన మూడేళ్లకి మేం హైల్‌బ్రోన్ వెళ్తే, ఊరి బయట అడవిలో బాంబుదాడి మృతుల శ్మశానానికి తీసుకెళ్లారు. తేదీ చదివి మా ఆవిడ అక్కడే కూలబడింది. 1944 డిసెంబర్ 4. సాయంత్రం బ్రిటిష్ విమానాలు వచ్చి అరగంటలో ఊరి నడిబొడ్డును కాల్చేశాయి, సుమారు 6,500 మంది పోయారు. మా అత్తగారికి అప్పుడు పదిహేడేళ్లు.

ఆ కొమ్మలు పండుగ కోసమా, ఆ రాత్రి కోసమా? ఆవిడ చెప్పలేదు. మా బావమరిది "అమ్మ ఆ మృతుల కోసమే పెట్టేది" అని బంధువులందరికీ ఈమెయిల్ రాయబోతే మా ఆవిడ ఆపింది. "అమ్మ అనని మాట అన్నట్టు రాయకు. కొమ్మలు పెట్టేది, తేదీ ఇది, అంతే రాయి" అంది. మీ శ్రీమతి కూడా సభలో ఇలాగే మాట్లాడితే చాలు. అమ్మ చేసినవి, అన్నవి చెప్పాలి. చెప్పని చోట ఆగిపోవాలి. అయిదు నిమిషాలు మించక్కర్లేదు.

మీరు అడగని విషయం ఒకటి ఉంది, కానీ గడువున్నది కాబట్టి చెప్పాలి. 1949 మే 23కి ముందు విదేశీయుణ్ణి పెళ్లాడిన జర్మన్ అమ్మాయికి ఆ పెళ్లితోనే జర్మన్ పౌరసత్వం పోయేది. అమెరికన్‌ని చేసుకున్నంత మాత్రాన అమెరికా పౌరసత్వం వచ్చేది కాదు. అంటే మీ అత్తగారు ఓడెక్కినప్పుడు ఏ దేశమూ లేని మనిషి. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి జర్మనీ 2021 ఆగస్టులో చట్టం మార్చింది. అలా పౌరసత్వం పోగొట్టుకున్న తల్లికి 1949 మే 23 తర్వాత పుట్టిన పిల్లలు, వాళ్ల వారసులు, ఒక ప్రకటన ఇచ్చి జర్మన్ పౌరసత్వం పొందొచ్చు. ఫీజు లేదు. 2031 ఆగస్టు 19 ఆఖరు తేదీ. మీ శ్రీమతి 1953లో పుట్టారన్నారు కాబట్టి ఈ లెక్కలోకి వస్తారు, మీ పిల్లలు, మనవరాలు కూడా. మనలాంటి అల్లుళ్లకి ఏమీ రాదు లెండి. తీసుకోవాలా వద్దా అనేది వాళ్లిష్టం. మా ఆవిడ తీసుకుంది. ఎక్కడికీ వెళ్లే ఉద్దేశంతో కాదు, అమ్మ దగ్గర లాక్కున్నది తిరిగి తీసుకోవాలని. పైన చెప్పిన పెళ్లి సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్ దీనికీ కావాలి, అందుకని రెండేసి కాపీలు తెప్పించండి.

ముందు నాలుగు పేజీలు, తర్వాత సభ, ఆ తర్వాతే డబ్బా. అప్పుడు తేదీల వరసలో మొదటి ఉత్తరం, మొదటి పేజీ ఫొటో ఇక్కడ పెట్టండి, ఇంటి అడ్రసు మీద చెయ్యి అడ్డం పెట్టి. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. కుర్రెంట్ చదవగలిగినవాళ్లం ఇక్కడ ముగ్గురం ఉన్నాం, నా కళ్లు ఈమధ్య మందగించాయి గానీ మిగతా ఇద్దరివీ బాగానే ఉన్నాయి.